మెషిన్‌లో ఇంకా వైశాఖమే

ఏజెంట్ 27 అసలు పేరు సూర్యప్రకాశరావు. ఆ పేరుతో అతన్ని పిలిచేవాళ్ళు లోకంలో ఇద్దరే మిగిలారు. ఒకరు కన్నతల్లి, ఇంకొకరు రేషన్ షాపు డీలరు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు మాత్రం అతను ఒక అంకె.

1997 జూలై 17, గురువారం ఉదయం తొమ్మిదిన్నర. శ్రీనగర్ కాలనీలో ఒక టైలరింగ్ షాపు మేడ మీద, కొలతలు తీసే గది వెనక ఆఫీసులో, చీఫ్ అచ్యుతరామయ్య అతని ముందు మూడు ఫ్లాపీలు పెట్టాడు.

"సోర్స్ కోడ్ వచ్చింది," అన్నాడు.

"సోర్స్ ఎవరు సార్? మనవాడేనా?"

"మనిషి కాదయ్యా. ప్రోగ్రాం."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో 27కి సోర్స్ అంటే కబురు తెచ్చే మనిషి, కోడ్ అంటే రహస్య సంకేతం. ఆ రెండూ కలిపితే వేరే అర్థం వస్తుందని ఆ రోజే తెలిసింది. చీఫ్‌కీ పూర్తిగా తెలిసినట్టు లేదు. బెంగళూరు నిపుణుడు ఫోన్లో చెప్పింది కాగితం మీద రాసుకుని, దాన్ని చూస్తూ చెప్పాడు.

నీలి గొడుగు అనే విదేశీ ముఠా ఆరు నెలలుగా హైదరాబాద్‌లో పనిచేస్తోంది. తన ఆర్డర్లను సినిమా తారల ఫొటోల్లో దాచి పంపుతోంది. కంప్యూటర్లో చూస్తే అది హీరోయిన్ నవ్వుతున్న బొమ్మే. ఆ బొమ్మ చుక్కల మధ్య మాత్రం ఎవరిని, ఎప్పుడు, ఎలా చంపాలో రాసి ఉంటుంది. డిపార్ట్‌మెంట్ మనుషులు ఇద్దరు అలాగే పోయారు. వాళ్ళ చావు ఆర్డర్లు రెండూ ముందురోజే చీఫ్ చేతికి వచ్చాయి. చదవడం ఎవరికీ చేతకాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు అచ్యుతరామయ్య కిటికీ వైపు తిరిగాడు.

ఇప్పుడు బెంగళూరు వాళ్ళు ఆ బొమ్మల్ని చదివే లైబ్రరీ తయారుచేశారు. లైబ్రరీ అంటే పుస్తకాలవి కాదు, వేరే ప్రోగ్రాములు వాడుకునే పనిముట్ల పెట్టె. దాన్ని సోర్స్ నుంచి కట్టుకోవాలి.

"అన్నం వండి పంపొచ్చు కదా సార్, బియ్యం పంపడమేంటి?"

"నేనూ అదే అడిగాను. ప్రతి మెషిన్‌కీ పొయ్యి వేరట. ఎక్కడ తినాలో అక్కడే వండుకోవాలట."

అది నడిచే పెద్ద మెషిన్లు ఊళ్ళో నాలుగే ఉన్నాయి. మూడు సర్కారువి, వాటి ముందు కూర్చోవాలంటే నెలరోజుల కాగితాలు. నాలుగోది ఫిల్మ్ నగర్‌లో, చలపతి డిజిటల్స్ అనే గ్రాఫిక్స్ స్టూడియోలో ఉంది. ఓనరు చలపతిరావును చీఫ్ ఒప్పించాడు.

"పదకొండింటికి శేషారత్నం నీకో ఫ్లాపీ ఇస్తుంది. అందులో ఇవాళ్టి ఆర్డరు ఉంది. మధ్యాహ్నం మూడూ నలభైకి ఒక ప్రాణం పోతుందని ఆమె కబురు. ఎవరిదో అందులో రాసి ఉంది. ఈసారి చదవాలి," అన్నాడు చీఫ్.

శేషారత్నం తెరమీద పేరు స్వప్నిక. ఐటమ్ పాటల్లో ఆమె కనిపిస్తే థియేటర్లో ఈలలు ఆగవు. నీలి గొడుగు ఆమెను తమ మనిషి అనుకుంటోంది. డిపార్ట్‌మెంటూ ఆమెను తమ మనిషే అనుకుంటోంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మూడేళ్ళుగా ఆమె డాన్స్ చేస్తోంది. ఇవాళ్టి పేరు ఆమెదేనని 27 మనసుకు ఎందుకో తోచింది. ఆమెను షూటింగ్ నుంచి తప్పిద్దామని అడిగాడు. చీఫ్ ఒప్పుకోలేదు. ఫ్లోర్ దాటి బయటికొస్తే ముఠాకు అనుమానం వస్తుందని, అప్పుడు మూడూ నలభై దాకా కూడా ఆగరని అన్నాడు.

పదకొండింటికి ఫిల్మ్ నగర్ స్టూడియో క్యాంటీన్‌లో గుంటూరు డిస్ట్రిబ్యూటర్ వీరరాఘవయ్య కూర్చుని ఉన్నాడు. సఫారీ సూటు, బొద్దుమీసం, కెమెరా దాచిన ఉంగరం, కత్తి దాచిన బూటు, యాభై అడుగుల తాడు దాచిన బ్రీఫ్‌కేసు. మీసం కింద ఉన్నది 27.

మెరుపుల డ్రెస్సు మీద శాలువా కప్పుకుని శేషారత్నం వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె మేకప్ మనిషి, నలభై ఏళ్ళ ఆవిడ, పక్కనే అద్దం పట్టుకుని నిలబడింది.

"ఇవాళ ఉప్మాలో జీడిపప్పు ఎక్కువైందండీ," అంది శేషారత్నం.

"ఏరి పక్కన పెట్టండి," అన్నాడు 27.

కోడ్ కలిసింది. ఫ్లాపీ దాచిన కాల్షీట్ల ఫైలు అతని చేతికిస్తూ, సాయంత్రం నాలుగింటిదాకా చలపతి డిజిటల్స్‌లోనే ఉంటారు కదా అని అడిగింది. ఉంటానన్నాడు. ఫైలు అందుకుంటుంటే ఆమె వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి. పాపం, ఎంత భయపడుతోందో అనుకున్నాడు.

చలపతి డిజిటల్స్‌లో కంప్యూటర్ గదికి చెప్పులు విప్పి వెళ్ళాలి. మెషిన్‌కు పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ ఉన్నాయి. దాని ఎదురుగా కూర్చున్న ఆపరేటర్ కాశీవిశ్వనాథానికి ముప్ఫై ఏళ్ళుంటాయి. టైటిల్స్‌లో అక్షరాలను గిరగిరా తిప్పడంలో పరిశ్రమలో అతన్ని మించినవాడు లేడు. సోర్స్ నుంచి కట్టడం మాత్రం పుస్తకంలో చదివాడట.

బూటు విప్పడంతో 27 కత్తి వాకిట్లోనే ఉండిపోయింది.

మూడు ఫ్లాపీలు మెషిన్‌లోకి ఎక్కించి, మూట విప్పి, కాన్ఫిగర్ అనే కమాండ్ కొట్టాడు కాశీ. ఆ కమాండ్ వంటకు ముందు వంటింట్లో ఏమున్నాయో చూసుకుంటుందని చెప్పాడు. అది చూసుకుని, కంపైలర్ లేదని చెప్పి ఆగిపోయింది.

"పొయ్యే లేదండీ," అన్నాడు కాశీ.

కంపైలర్ ఉన్న సీడీ దేవుడి అరలో ఉంది. మెషిన్‌తోపాటు వచ్చిన సీడీలన్నిటికీ పూజ చేసి అక్కడ పెట్టారు. బొట్టు మాత్రం రాత ఉన్న వైపు కాకుండా మెరిసే వైపు పెట్టారు, అందంగా ఉందని. మెషిన్ దాన్ని రెండుసార్లు నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. గది ఊడ్చే ఎల్లమ్మ కొంగు తడిపి కుంకుమ తుడిచింది. అది నెమ్మదిగా ఎక్కి కూర్చునేసరికి ఒంటిగంట కావస్తోంది. 27 నడుముకున్న పేజర్ మోగింది. స్టేటస్ ఏమిటని చీఫ్. చెప్పడానికి ఏ స్టేటస్సూ లేదు.

మళ్ళీ కాన్ఫిగర్. ఈసారి గడగడా నలభై లైన్లు చదివింది. ఇది ఉందా, ఉంది. అది ఉందా, ఉంది. 27కి ఊపిరి వచ్చింది. అంతలో ఒక ఎర్రర్ కొట్టి ఆగింది. కాశీ దాన్ని రెండుసార్లు చదివి తెలుగులో చెప్పాడు.

"ఇప్పుడు పుట్టించిన ఫైలు, మనం తెచ్చిన ఫైళ్ళకంటే పాతదట. గడియారం చూసుకోండి అంటోంది."

ఇద్దరూ చేతి గడియారాలు చూసుకున్నారు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. బెంగళూరుకు ఎస్టీడీ కలపబోతే లైన్లన్నీ బిజీ. పావుగంట అలాగే గడిచింది. పేరుమోసిన బందిపోటునైనా చితకబాదగల మనిషి, ఒక ఇంగ్లీషు వాక్యం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మూల ఊడుస్తున్న ఎల్లమ్మ చీపురు ఆపింది.

"గందుల గడియారం సంగతి సారూ. మిషన్ల ఇంక వైశాఖమే నడుస్తున్నది. కాశీ సారే గదా ఎనక్కి తిప్పిండు. కొబ్బరికాయ నేనే దెచ్చిన."

కాశీ నాలుక కరుచుకున్నాడు. మెషిన్ ఈ నెల ఎనిమిదిన వచ్చింది. అది ఆషాఢం. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు. శ్రావణం దాకా ఆగితే సినిమా రిలీజ్ ఆగిపోతుంది. చలపతిరావుగారి సిద్ధాంతి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. పని చేసేది మెషిన్ కాబట్టి మెషిన్‌కు ఆషాఢం లేకుండా చేస్తే చాలన్నాడు. దాంతో కంప్యూటర్ క్యాలెండర్‌ను సరిగ్గా రెండు నెలలు వెనక్కి తిప్పి, వైశాఖ మాసంలో ప్రారంభోత్సవం చేశారు. ఇప్పుడు బయట జూలై 17, లోపల మే 17. బెంగళూరులో మొన్న రాసిన ప్రోగ్రాం ఆ మెషిన్ దృష్టిలో ఇంకా పుట్టలేదు. పుట్టని పిల్లకు జాతకం రాయమంటే అది రాయనంటోంది.

"మార్చెయ్ తేదీ," అన్నాడు 27.

"అమ్మో. ఓనరుగారు మార్చొద్దన్నారండీ. అడగాలి."

అడిగారు. చలపతిరావు టోలిచౌకిలో ఎవరింట్లోనో భోజనానికి ఉన్నాడు. తనకు అభ్యంతరం లేదనీ, సిద్ధాంతిని అడిగి చెబుతాననీ అన్నాడు. సిద్ధాంతి పూజలో ఉన్నాడట. ఇరవై నిమిషాల తర్వాత చేస్తే భోంచేస్తున్నాడట. ఆ తర్వాత నిద్రపోతున్నాడట. రెండు దాటింది. ఒక ఆడమనిషి ప్రాణం ఒక పెద్దమనిషి కునుకు కింద ఇరుక్కుపోయింది. 27కి ఏడుపు వచ్చినంత పనైంది.

అతను లోపలి జేబులోంచి పిస్టల్ తీసి కాశీ కణత దగ్గర పెట్టాడు.

కాశీ ఓరగా చూశాడు. "ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళదా అండీ? ఫినిషింగ్ బాగుంది."

ఫిల్మ్ నగర్‌లో పిస్టల్ చూసి భయపడేవాళ్ళు ఉండరు. రోజుకు పది చూస్తారు. 27 దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకుని, కుర్చీలో కూలబడి, ఉన్నమాట చెప్పేశాడు. తాను డిస్ట్రిబ్యూటర్ కాదన్నాడు. మూడూ నలభైకి ఒక మనిషి చచ్చిపోతుందన్నాడు. ఎవరో ఈ ఫ్లాపీలో ఉందన్నాడు. చెబుతుండగా ఏసీ చలికి జిగురు ఊడి మీసం ఒక పక్క వేలాడింది. కాశీ నమ్మింది ఆ మీసాన్ని చూసే.

కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మెషిన్ తేదీ మార్చొద్దన్నారు గానీ, ఫైళ్ళ తేదీ మార్చొద్దని సిద్ధాంతిగారు అనలేదు కదండీ."

టచ్ అని ఒక కమాండ్ ఉంది. దాంతో ముట్టుకుంటే ఏ ఫైలైనా ఆ క్షణంలో పుట్టినట్టు లెక్క. బెంగళూరు నుంచి వచ్చిన ఫైళ్ళన్నిటినీ కాశీ వరసగా ముట్టుకున్నాడు. అన్నీ వైశాఖంలో పుట్టాయి. కాన్ఫిగర్ ఈసారి ఎర్రర్ లేకుండా చివరిదాకా వెళ్ళింది. రెండూ పదిహేనుకు మేక్ అనే కమాండ్ కొట్టాడు. కట్టడం మొదలైంది.

ఇక చేసేదేమీ లేదు. నూట నలభై ఫైళ్ళు. ఒక్కొక్కటీ కంపైల్ కావాలి. మనిషి తొందరపెడితే అది తొందరపడదు. మధ్యమధ్య తెరమీద వార్నింగ్ అని పడేది. పడ్డ ప్రతిసారీ 27 లేచి నిలబడేవాడు. వార్నింగులు పట్టించుకోకూడదని, అవి ఊరికే వస్తాయని కాశీ చెప్పాడు. ప్రతి హెచ్చరికనూ పట్టించుకోబట్టే ఇన్నేళ్ళు బతికిన మనిషికి అది కొత్త పాఠం.

అరవై రెండో ఫైలు. పేజర్ మోగింది. అరవై మూడు. ఇక్కడికి మూడు సందుల అవతల ఫ్లోర్ మీద ఆమె డాన్స్ చేస్తూ ఉంటుంది. ఏ లైటు మీద పడుతుందో, ఏ కూల్‌డ్రింక్‌లో విషం ఉందో తెలియదు. పరిగెత్తగలడు, గోడ దూకగలడు, నలుగురిని కొట్టగలడు. ఎక్కడికి పరిగెత్తాలో, ఎవరిని కొట్టాలో తెలియడం లేదు. ఎల్లమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. "జర తాగుండ్రి సారూ. ఫికర్ జేస్తే మిషన్ ఉరుకుతదా," అంది. అతను తాగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టు పక్కకు తిరిగింది.

మూడూ ఇరవై రెండుకు కట్టడం పూర్తయింది. తర్వాత ఇన్‌స్టాల్ చెయ్యాలి, అంటే కట్టినదాన్ని దాని చోట పెట్టాలి. పెట్టాడు. అసలు ప్రోగ్రాం నడిపి, శేషారత్నం ఇచ్చిన ఫ్లాపీ చూపించాడు. లైబ్రరీ దొరకలేదని తెరమీద పడింది.

"ఇప్పుడేగా కట్టావు," అన్నాడు 27.

"కట్టానండీ. పెట్టానండీ. ఇల్లు కట్టాం గానీ దానికి అడ్రస్ చెప్పలేదు."

అడ్రస్ ఎలా చెప్పాలో పుస్తకంలో ఏడో అధ్యాయంలో ఉందట. పేజీలు తిప్పుతూ ఉంటే మూడూ ముప్ఫై అయింది. ముప్ఫై మూడు అయింది. ఒక పొడుగాటి లైను కొట్టాడు, అక్షరం తప్పు పోయింది, మళ్ళీ కొట్టాడు. ముప్ఫై ఏడుకు తెరమీద స్వప్నిక నవ్వుతూ ప్రత్యక్షమైంది. బొమ్మ కింద ఖాళీ చోట అక్షరాలు ఒక్కో లైనుగా రావడం మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని చలపతిరావు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. సిద్ధాంతి లేచాడట. తేదీ సరిదిద్దడం అంటే దిద్దుబాటే గానీ కొత్త పని కాదు కాబట్టి ఆషాఢ దోషం అంటదన్నాడట. మూడూ ముప్ఫై తొమ్మిదికి మంచి ఘడియ ఉందట.

"ఇంతసేపు మిమ్మల్ని ఇబ్బంది పెట్టాం. నా చేత్తో నేనే మారుస్తా," అని రెండో కీబోర్డు ముందు కూర్చున్నాడు. కాశీ ఓనరుగారి మాట కాదనలేక పాస్‌వర్డ్ కొట్టి, కమాండ్ కొట్టి పెట్టాడు. చలపతిరావు కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని, ముప్ఫై తొమ్మిది కాగానే ఎంటర్ నొక్కాడు.

27కి ఇవేవీ వినపడలేదు. తెరమీది అక్షరాలు చదువుతున్నాడు.

ఏజెంట్ 27ను చలపతి డిజిటల్స్‌లో కూర్చోబెట్టు. నాలుగింటిదాకా కదలనివ్వకు. సామాను యూపీఎస్‌లో ఉంది. నిన్న సర్వీస్ ఇంజనీర్ పెట్టాడు. జూలై 17, మూడూ నలభైకి ఆ కంప్యూటర్ గడియారమే దాన్ని పేలుస్తుంది.

పొద్దుటి నుంచి ఎవరి కోసం గుండె పట్టుకుని కూర్చున్నాడో ఆమె కాదు. పోవలసిన ప్రాణం తనది.

ముఠా లెక్క బాగానే ఉంది. విదేశీయులకు అన్నీ తెలుసు, ఆషాఢం ఒక్కటి తెలియదు. మెషిన్ వైశాఖంలో ఉన్నంతకాలం ఆ బాంబుకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. ఇప్పుడు లేదు. 27 పక్క తెర వైపు చూశాడు. జూలై 17, మూడూ ముప్ఫై తొమ్మిది, పన్నెండు సెకన్లు.

అతను యూపీఎస్ బ్యాటరీ పెట్టె ఉన్న టేబుల్ కిందికి దూకాడు. శిక్షణలో బాంబు వైరు గుర్తుపట్టడం నేర్పారు. అక్కడ ఇరవై వైర్లున్నాయి, అన్నీ ఒకే రంగువి, అన్నిటికీ కలిపి దిష్టితాడు కట్టి ఉంది. కత్తి వాకిట్లో బూటులో ఉంది. పళ్ళతో కొరికాడు. తెగలేదు. మోచెయ్యి ఇరుక్కుంది. కిందనుంచి ఒక్కటే మాట అరవగలిగాడు.

"కాశీ, వైశాఖం."

కాశీ ఎదుట తెరమీదే ఆర్డరు ఉంది. అప్పటికే చదివేశాడు. ఓనరుగారిని కుర్చీతో సహా పక్కకు నెట్టి కమాండ్ కొట్టాడు. కంగారులో తప్పు పోయింది. ఇప్పుడే కదయ్యా శుభ్రంగా మార్చాను, మళ్ళీ ఎందుకు కెలుకుతావని చలపతిరావు అడుగుతున్నాడు. రెండోసారీ తప్పు పోయింది. మూడోసారి ఎంటర్ నొక్కేసరికి యాభై ఆరు సెకన్లు.

గదిలో మెషిన్ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ గడియారంలో మూడూ నలభై అయింది. నలభై ఒకటి అయింది. మెషిన్‌లో మే 17. ఎల్లమ్మ వంగి, టేబుల్ కింద చిక్కుపడిన 27ను వైర్ల నుంచి ఒక్కొక్కటే విడిపించింది.

నాలుగున్నరకు బాంబు స్క్వాడ్ యూపీఎస్‌ను ఇసుక బక్కెట్ల మధ్య పెట్టుకుని పట్టుకెళ్ళింది. సర్వీస్ ఇంజనీర్ దొరికాడు. పాత ఫ్లాపీలు కూడా ఇప్పుడు చదువుకోవచ్చు కాబట్టి, వాటిలో ఉన్న పేర్లను బట్టి సాయంత్రానికి ముఠాలో ఇంకో ఆరుగురు దొరికారు. అందులో శేషారత్నం మేకప్ మనిషి ఒకతె.

ఆరింటికి 27 ఫ్లోర్ మీదికి వెళ్ళాడు. పాట అయిపోయింది. శేషారత్నం వేడినీళ్ళ టబ్బులో పాదాలు పెట్టుకుని కూర్చుంది. అతన్ని చూడగానే లేవబోయింది, లేవలేక అలాగే కూర్చుని రెండు చేతులూ జోడించింది.

"వాళ్ళు మీకివ్వమన్నది ఉత్త బొమ్మండీ, మూడూ నలభై కబురూ వాళ్ళు పంపమన్నదే. అందులో ఏమీ లేదు. దాన్ని తీసేసి నాకొచ్చిన ఆర్డరు పెట్టాను. ఆ మేకప్ మనిషి పక్కనే నిలబడి ఉంటే నోటితో ఎలా చెప్పను?"

నాలుగున్నర గంటలు ఆమె కోసం అతను చచ్చి బతికాడు. అంతసేపూ ఆమె అతన్ని కాపాడేసి ఉంది.

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. బెంగళూరు వాళ్ళ సాధనం మీ దగ్గరుందని తెలుసు కాబట్టి పదకొండున్నరకల్లా చదివేసి బయటపడి ఉంటారనుకున్నానంది. ఆ ధైర్యంతోనే పాట మొత్తం హాయిగా చేశానంది. ఎప్పుడూ తిట్టే డాన్స్ మాస్టారు ఇవాళ మెచ్చుకున్నాడట.

"అవునూ, తెరవడానికి ఎంతసేపు పట్టిందండీ?"

27 ఆమె ముఖం చూశాడు. పన్నెండు టేకుల మేకప్ కింద ఎంత అలసిపోయిందో కనిపించింది.

"పావుగంట," అన్నాడు.

ఆ రోజు మొత్తం మీద అతను శిక్షణకు తగ్గట్టుగా చేసిన పని అదొక్కటే.